నిచ్చెన పట్టుకున్న చేతులు

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పంజాగుట్టలోని మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ ఇవాళే ముగిసింది. ఒక్కచోట నిలవలేని నేను చివరిదాకా ఉన్నాను. "నువ్వు పది నిమిషాలు కుదురుగ కూసుంటే నేను గుండు కొట్టిచ్చుకుంట" అన్న పక్క సీటు శ్రీలత ఇప్పుడు నాకు కనపడకుండా తిరుగుతోంది.

శిక్షణలో ఏకాగ్రతకు ఒక పరీక్ష పెడతారు. కంప్యూటర్ మీద గబగబా వచ్చే ప్రతి అక్షరానికీ మీట నొక్కాలి. 'ఎక్స్' వచ్చినప్పుడు మాత్రం నొక్కకూడదు. మొదటి వారం ఇరవైసార్లు తప్పాను. ఇవాళ రెండుసార్లే.

"మనసు పారిపోవడం తప్పు కాదమ్మా. పారిపోయిందని గమనించి వెనక్కి తేవడమే సాధన. తెచ్చేకొద్దీ మెదడుకు అదే అలవాటవుతుంది" అని ధ్యానం నేర్పే మేడమ్ అన్నప్పుడు నాకు అమీర్‌పేటలోని మైత్రీవనం గోడ గుర్తొచ్చింది. నువ్వు పైన కోచింగ్ సెంటర్ బోర్డు మీద, నీకు చదవరాని 'జావా'ని ఇంగ్లీషులో కుంచెతో రాసేవాడివి. ఒక్కో గీతకు ఒక్కో ఊపిరి మెల్లగా వదిలేవాడివి. కింద నిచ్చెన పట్టుకుని నేను బస్సులు చూసేదాన్ని. తల తిప్పకుండానే అనేవాడివి: "నిచ్చెన కదుల్తుంది బిడ్డా. నీ మనసు ఏడికో పోయింది. పోతే పోయింది, జర వాపస్ తెచ్చుకో."

ఒక్కసారి కూడా తిట్టలేదు.

"ఇంతకుముందు ఎవరి దగ్గరైనా నేర్చుకున్నారా?" అని ఇవాళ మేడమ్ అడిగారు. మొదటిరోజు ఇచ్చిన ఫారంలోనూ ఇదే ప్రశ్న ఉంటే, ఆ గడి నేను ఖాళీగా వదిలేశాను. ఆ ఫారం తిరిగి అడిగి తీసుకున్నాను. నీ పేరు రాసి, పక్కన 'బోర్డు ఆర్టిస్ట్, అమీర్‌పేట' అని, ఒక్కో గీతకు ఒక్కో ఊపిరి వదులుతూ రాశాను.