గింజ పోని దారి

బందరు,
ఏప్రిల్ 3

గుడివాడలో సిమెంటు బ్లాకులు తయారుచేసే శ్రీ శోభనాద్రి గారికి నమస్కారాలు.

విషయం: గుడ్లవల్లేరులో మేము కొత్తగా కట్టుకున్న ఇంటికి గేటు నుంచి వరండా మెట్ల వరకు కారు దారి వేయుట గురించి.

ముప్ఫై నాలుగేళ్ళుగా ఆఫీసులో ఫైళ్ళు చూస్తున్నవాణ్ణి. నోటిమాట మీద నాకు నమ్మకం లేదు. ఫోన్లో "అలాగేనండీ" అన్నవాళ్ళే తర్వాత "ఎప్పుడన్నానండీ" అంటారు. కాబట్టి మన మధ్య అన్నీ ఉత్తరాల్లోనే జరగాలి. వచ్చే నెలాఖరుకి రిటైరవుతున్నాను, గృహప్రవేశానికి తప్ప ఇప్పుడు సెలవు దొరకదు. నా ఉత్తరమే నేననుకోండి.

కిందటి వానల్లో ఇల్లు చూడబోయి మా ఆవిడ ఇందిరాదేవి అక్కడి నల్లమట్టిలో జారిపడింది. మోకాలికి ఆపరేషన్ అయింది. అప్పట్నుంచి గోడ వదిలి అడుగెయ్యడం లేదు. రోజూ నడవమని డాక్టరు చెప్పినా వినదు. "కారు మెట్ల దాకా వెళ్తేనే ఆ ఇంట్లో అడుగు పెడతాను, లేకపోతే ఈ అద్దె కొంపలోనే ఉంటాను" అని తేల్చేసింది. అందుకే అరవై రెండో ఏట మొదటి కారు కొన్నాను. మే నాలుగున గృహప్రవేశం. ఆ రోజు కారు మెట్ల దగ్గర ఆగి తీరాలి. ఆగకపోతే నేను కట్టుకున్న ఇంట్లో నేనొక్కణ్ణే ఉండాలి.

పొడవు అరవై అడుగులు, వెడల్పు పన్నెండు. నల్లమట్టి రెండడుగులు తవ్వి తీసెయ్యాలి. గ్రావెల్ పోసి రోలరు తొక్కించాలి. వాన నీళ్ళు నిలవకుండా పక్క కాలవలోకి వాటం పెట్టాలి. పైన బ్లాకులు ఎంత నున్నగా, సందు లేకుండా ఉండాలంటే, ధాన్యం పోసి ఎత్తినా ఒక్క గింజ పోకూడదు.

ఇట్లు,
సూర్యప్రకాశరావు

తా.క. డిజైను కోసం మా ఆవిడ పెడన కలంకారీ దుప్పటి పంపుతున్నాను. అందులో నెమలి ఉంది. అదే దారి మధ్యలో రావాలి. దుప్పటి తిరిగి ఇవ్వవలెను.


గుడివాడ,
ఏప్రిల్ 7

అయ్యా, సూర్యప్రకాశరావు గారూ, శోభనాద్రి దణ్ణాలండీ.

మీ ఉత్తరం అందింది. నాకు ఇంత పెద్ద ఉత్తరం ఇంతవరకూ ఎవరూ రాయలేదు. పెళ్ళికి ముందు మా ఆవిడ కూడా రాయలేదు.

పని మొదలెట్టేశాం. తవ్విన నల్లమట్టి ఎక్కడ పొయ్యాలో మీరు రాయలేదండీ. మీ పక్కింటి నాంచారయ్య గారు గొడ్లపాక మెరక చేసుకుంటానన్నారు, పోసేశాం. ఆయన చాలా సంతోషించి మా వాళ్ళందరికీ మజ్జిగ పోశారు.

నెమలి దగ్గర కొంచెం ఇబ్బందిగా ఉంది. మా మేస్త్రి శ్యాంబాబు ఎర్ర బ్లాకులు, పసుపు బ్లాకులు పేర్చి చూశాడు. బ్లాకుకి మూలలుంటాయి కదండీ, మెడ వంపు తిరగడం లేదు. ప్రస్తుతానికి కోడిలా ఉంది. తోక పెడితే నెమలి అయిపోతుందని వాడి ధైర్యం.

మీ విధేయుడు,
శోభనాద్రి

తా.క. దుప్పటి మా ఆవిడకి తెగ నచ్చింది. భద్రంగా ఉందండీ, మా మంచం మీద.


బందరు,
ఏప్రిల్ 10

శ్రీ శోభనాద్రి గారికి,

మీ ఉత్తరం చదివి ఆఫీసులో కుర్చీలోంచి దిగ్గున లేచాను. నేను ఇవాళే రిటైరవుతున్నానేమో అనుకుని ఇద్దరు ముగ్గురు వచ్చి కరచాలనం కూడా చేశారు.

నా స్థలంలో మట్టిని నన్నడక్కుండా దానం చేస్తారా? రాయలేదు కాబట్టి పోసేశామంటారా? ఇదెక్కడి న్యాయమండీ? ఇకమీదట నేను రాయనిది చేయవద్దు, రాసింది వదలవద్దు.

కోడి సంగతి మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు.

పని అయ్యాక, మొదటి ఉత్తరంలో రాసినట్టు ధాన్యం పోసి పరీక్ష చేయాలి. పరీక్షించిన రైతు సంతకంతో ధ్రువపత్రం పంపాలి. అది నా చేతికి వస్తేనే పని పూర్తయినట్టు.

ఇట్లు,
సూర్యప్రకాశరావు

తా.క. ఆ దుప్పటి మీద ఎవరు పడుకుంటున్నారో ఇకముందు నాకు తెలియజేయనవసరం లేదు.


గుడివాడ,
ఏప్రిల్ 24

అయ్యా, దణ్ణాలండీ.

దారి పూర్తయింది. లోడు ట్రాక్టరు ఎక్కించి దింపాం, ఒక్క బ్లాకు కదల్లేదు. తర్వాత మీరు రాసినట్టే నాంచారయ్య గారు రెండో పంట దాళ్వా ధాన్యం రెండు బస్తాలు తెచ్చి పోశారు. పొద్దున పోస్తే సాయంత్రానికి ఆరిపోయి గలగలలాడాయి. ఎత్తేశాక శ్యాంబాబు మోకాళ్ళ మీద పాకుతూ ఈ చివర్నుంచి ఆ చివరికి వెతికాడు. గింజ దొరకలేదు. ధ్రువపత్రం దీనితో పంపుతున్నాను. "గింజ పోలేదు. కోడి బాగుంది" అని రాసి నాంచారయ్య గారు సంతకం పెట్టారు.

అయితే ఒక సంగతండీ. ఎన్ని బస్తాలతో పరీక్షించాలో మీరు రాయలేదు. కోతలు జోరుగా ఉన్నాయి. మబ్బులు పడుతున్నాయి. తేమ ఉన్న ధాన్యం ఎవరూ కొనడం లేదు. వీధిలో వాళ్ళంతా "మేమూ పరీక్షిస్తాం" అంటూ బస్తాలు మోసుకొచ్చారు. వద్దనమని మీరు రాయలేదు కదా, ఊరుకున్నాను. ప్రస్తుతం గేటు దగ్గర్నుంచి మెట్ల దాకా పరీక్ష జరుగుతోంది.

మీ విధేయుడు,
శోభనాద్రి

తా.క. ట్రాక్టరు పట్టక గేటు ఊడదీశాం. భద్రంగా ఉంది. నాంచారయ్య గారు దూడకి అడ్డం పెట్టుకున్నారు.


బందరు,
ఏప్రిల్ 27

శ్రీ శోభనాద్రి గారికి నోటీసు.

నాకు నోట మాట రావడం లేదు కాబట్టి రాస్తున్నాను. అది మా ఇల్లండీ! కళ్ళం కాదు! ఇంట్లోకి మేమింకా అడుగు పెట్టనే లేదు, ఊళ్ళో ధాన్యమంతా ముందే గృహప్రవేశం చేసేసిందా?

మే మూడో తేదీ సాయంత్రానికల్లా సదరు దారి మీద ఒక్క గింజ కనపడరాదు. గేటు గేటులో ఉండాలి, దూడ దూడ చోట ఉండాలి. నాలుగో తేదీ ఉదయం ఏడున్నరకి కారు వస్తుంది. అది మెట్ల దాకా వెళ్ళకపోతే మా ఆవిడ వెనక్కి తిప్పమంటుంది. నేను తిప్పాల్సిందే. తర్వాత ఈ జన్మలో ఆవిణ్ణి అక్కడికి తీసుకురావడం నావల్ల కాదు. నా బాధ అర్థం చేసుకోండి.

ఇట్లు,
సూర్యప్రకాశరావు

తా.క. అన్నయ్యగారూ, నేను ఇందిరాదేవిని. ఈయన స్నానానికి వెళ్ళారు, కవరు నేనే అంటిస్తున్నాను. తడి ధాన్యం కుప్పేస్తే మొలకలొస్తాయి. ఆరేదాకా ఉండనివ్వండి. దుప్పటి వదినగారిని ఉంచుకోమనండి. ఇవేవీ ఈయనకి చెప్పొద్దు.


గుడివాడ,
మే 1

అయ్యా, దణ్ణాలండీ.

మీ నోటీసు వరండా స్తంభానికి అంటించాం. ఊరంతా వచ్చి చదివారు. చాలా బాగా రాశారని అందరూ అన్నారు. ధాన్యం మాత్రం ఎవరూ తియ్యలేదు.

మొన్న గాలివాన వచ్చిందండీ. రోడ్డు మీద ఆరబోసుకున్నవాళ్ళ ధాన్యం నీళ్ళలో తేలింది. మన దారి మీద మాత్రం బరకాలు కప్పాం, మీరు పెట్టించిన వాటానికి పావుగంటలో నీళ్ళన్నీ కాలవలోకి దిగిపోయాయి. ఆ మాట దివిసీమలో నాగాయలంక దాకా వెళ్ళింది. నాంచారయ్య గారి వియ్యంకుడు పోలయ్య గారు అక్కణ్ణుంచి లారీ వేసుకుని దిగారు. నేనే హడలిపోయాను.

గొడవలు రాకుండా ఎవరి తర్వాత ఎవరో ఒక జాబితా రాసి గోడకి అంటించాం. మీ కారు సంగతి గుర్తుండి అందులో వెతికానండీ. మీ పేరు లేదు. నాలుగో తేదీకి ఖాళీ దొరకడం కష్టం. పదకొండో తేదీ మధ్యాహ్నం అయితే ఒక గంట సర్దుతామంటున్నారు.

మీ విధేయుడు,
శోభనాద్రి

తా.క. గాలికి ఒకచోట బరకం చాలకపోతే మా ఆవిడ మీ దుప్పటి తెచ్చి కప్పింది. అమ్మగారు ఉంచుకోమన్నారు కానీ, మనసొప్పలేదట. ఆరేదాకా ధాన్యం ఉండనివ్వమని కూడా అమ్మగారు రాశారు. మీకు చెప్పొద్దన్నారు కాబట్టి అవి మీకు రాయడం లేదు.


గుడ్లవల్లేరు,
మే 6

శ్రీ శోభనాద్రి గారికి,

మీ ఉత్తరం చదివాక మా ఆవిణ్ణి రెండు రోజులు గుర్రుగా చూశాను. ఆవిడ పట్టించుకోలేదు.

నాలుగో తేదీ ఉదయం ఏడున్నరకి మా కారు గేటు దగ్గర ఆగింది. గేటు లేదు. ఎదురుగా అరవై అడుగుల ధాన్యం, దాని వెనకాల మా ఇల్లు. దివిసీమ లారీ ఒకటి మా గోడని ఆనుకుని ఉంది. ఇక బందరే గతి అనుకుని కారు వెనక్కి తియ్యబోతుంటే అవతల తలుపు చప్పుడైంది.

ఇందిర దిగింది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ధాన్యంలోకి నడిచింది. కాళ్ళతో చాళ్ళు తీసుకుంటూ మెట్ల దాకా వెళ్ళింది. హమ్మయ్య, ఎక్కేస్తుందనుకున్నాను. ఎక్కలేదు. వెనక్కి తిరిగి ఇంకో చాలు తీస్తూ నా దగ్గరికే వచ్చి, "పైపైనే ఆరుతున్నాయండీ, ఇంతమంది ఉండి తిరగెయ్యాలని తెలీదూ?" అని కోప్పడింది. పురోహితుడు ముహూర్తం అని కేకలు పెడుతున్నా ఆరుసార్లు తిరిగింది. ఎనిమిది నెలలుగా గోడ వదలని మనిషండీ! నేను స్టీరింగు పట్టుకుని ఏడ్చేశాను. రాయడానికి నాకేం సిగ్గులేదు.

రెండు రోజులుగా పొద్దున గంట, సాయంత్రం గంట ధాన్యం తిరగేస్తోంది. డాక్టరుకి ఉత్తరం రాశాను.

మీ జాబితా చూసి నివ్వెరపోయాను. క్రమసంఖ్యల్లేవు, తేదీల్లేవు. పోలయ్య గారి పేరు రెండుసార్లు ఉంది. నేనే మళ్ళీ రాసి పెట్టాను. ఇప్పుడు నా సంతకం లేకుండా ఎవరూ బస్తా దించడం లేదు.

కారు నాంచారయ్య గారి గొడ్లపాకలో ఉంది. అంటే నా మట్టి మీదే ఉంది.

కావున, ఇప్పుడున్న దాని పక్కన కారు కోసం ఇంకొక దారి వేయగలరు. కొలతలు అవే. ఈసారి మాత్రం గింజ పోయడానికి ఎవరికీ మనసు రానంత గరుకుగా ఉండాలి.

ఇట్లు,
సూర్యప్రకాశరావు

తా.క. అన్నయ్యగారూ, ఈయన బస్తాల వాళ్ళతో వాదిస్తున్నారు, కవరు నేనే అంటిస్తున్నాను. రెండోది కూడా నున్నగానే వేయండి. మినుములకి పనికొస్తుంది.