అత్తమ్మను కూర్చోబెట్టిన ఏడాది

గురజాల,
10-7-1984.

ఎంత దూరాన ఉన్నా నా ప్రార్థనలో రోజూ దగ్గరగా ఉండే మీకు,

నా రాత చూసి నవ్వుకోవద్దు. అయిదో తరగతితో బడి మానినదాన్ని. గీతల్లేని కాగితం మీద నా అక్షరాలు ఒక పక్కకి ఒరిగిపోతాయి. తప్పులు మీరే దిద్దుకుని చదవండి. ఎప్పుడూ అత్తమ్మ దిద్దేది గానీ ఈ ఉత్తరం ఆమెకి చూపించడం లేదు.

అత్తమ్మకి నడుములో ఎముక విరిగింది. కంగారు పడకండి, ప్రాణానికేమీ భయం లేదు. మూడు వారాల కిందట ఆదివారం గుడికి బయలుదేరుతూ, కింద పడ్డ చెంబు తీద్దామని వంగింది. జారలేదు, పడలేదు. "అమ్మా" అని ఒక్క కేక. నేను వెళ్ళేసరికి మంచంకోడు పట్టుకుని వంగినది వంగినట్టే ఉంది. పక్కింటి దావూద్ అన్న జీపు తెస్తే నరసరావుపేట తీసుకుపోయాం.

డాక్టరుగారు ఫోటో తీయించి, వెలుతురుకి పట్టి చాలాసేపు చూశారు. "ఈమె ఏం పని చేసేది?" అన్నారు. మిషన్ బడిలో ఆడపిల్లలకి డ్రిల్లు టీచరని, వయసులో ఉన్నప్పుడు పరుగుపందేల్లో, ఇనుపగుండు విసరడంలో జిల్లాకే మొదట వచ్చిందని చెప్పాను. "మరి ఇప్పుడు?" అన్నారు. నాకు ఆ మాత్రం చెప్పుకునే సందు దొరికిందని సంతోషమేసింది. "ఇప్పుడు ఏ పనీ చెయ్యనివ్వం సార్. కాలు కింద పెట్టనివ్వను" అన్నాను.

ఆయన ఫోటో బల్ల మీద పెట్టేశారు. "అదేనమ్మా చేసిన పొరపాటు" అన్నారు.

ముట్టు నిలిచిన ఆడవాళ్ళకి ఎముక ఎలాగూ పలచబడుతుందట. అత్తమ్మ చిన్నప్పటి నుంచీ పరిగెత్తి, బరువులెత్తి గట్టిగా పెంచుకున్న ఎముక. పని చెప్తూ ఉంటేనే అది నిలబడుతుందట. కూర్చోబెడితే గుల్లబారుతుందట. నిరుడు ముంజేయి విరిగినప్పుడే, అది అతుక్కోగానే మళ్ళీ నడిపించి ఉండాల్సిందన్నారు. నేను తల వంచుకుని విన్నాను.

నిరుడు ఏం జరిగిందో మీకు తెలుసు. సర్కారు యాభై అయిదుకే అందర్నీ ఉద్యోగాల్లోంచి దింపినప్పుడు అత్తమ్మ కూడా దిగింది. దిగినా పొద్దున్నే ఈల మెళ్ళో వేసుకుని గ్రౌండుకి పోయేది. వానల్లో అక్కడ పడి చెయ్యి విరిగింది. జాన్ సాహెబ్ బద్దలు పెట్టి కట్టు కట్టాడు. మీరు అప్పుడు రాశారు, "అమ్మని ఇక గ్రౌండు మెట్లు ఎక్కనివ్వకు, కూర్చోబెట్టి సేవ చెయ్యి" అని. చేశాను. బిందె చేతిలోంచి లాక్కున్నాను. బట్టలు ఉతకనివ్వలేదు. పక్క కూడా నేనే పరిచాను. గుళ్ళో కాంతమ్మగారు, "కోడలంటే మణెమ్మ కోడలే! పూచికపుల్ల తీయనివ్వదు" అని నలుగురిలో అంటే నేను సిగ్గుపడ్డాను, లోపల ఎంత పొంగిపోయానో చెప్పలేను. ఆ పొగడ్త కోసం ఇంకా ఎక్కువ చేశాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే అన్నం సహించడం లేదు.

నడుముకి బెల్టు వేశారు. నొప్పి తగ్గాక మెల్లగా నడవాలి, ఎండలో తిరగాలి, నడుము కుదురుకున్నాక చిన్న బరువేదైనా ఎత్తాలి, పాలూ రాగిజావా తాగాలి అన్నారు. జావ పోస్తున్నాను. నడుద్దాం రండి అంటే మాత్రం ఆమె గోడ వైపు తిరిగి, "వాడు వద్దని రాశాడుగా, ఇంకేంది?" అంటుంది. మీరు మీ అమ్మగారికి ఒక్క ముక్క రాయండి, నడవమని. పటాలంలో పొద్దున్నే పరుగు లేని రోజు ఒళ్ళు పట్టేస్తుందని మీరే రాశారు కదా. ఆమెదీ అలాంటి ఒళ్ళే.

ఇంత మాట మీకు రాస్తానని నేను అనుకోలేదు.

మీ
ఎస్తేరు

*

గురజాల,
2-9-1984.

కోపంగా ఉన్నా నా మంచి కోరే మీకు,

మీ జాబు అందింది. నా చేతికి కాదు. అరుగు మీద కూర్చున్న అత్తమ్మకి ఇచ్చిపోయాడు పోస్టుమాన్. ఎప్పటిలాగే నాకు వినబడేటట్టు పైకి చదువుతూ, మధ్యలో ఆగిపోయింది. ఎందుకాగిందో తరవాత చూసుకున్నాను. "పని తప్పించుకోవడానికి డాక్టరు పేరు చెప్పకు. మా అమ్మ చేత బరువులు మోయిస్తే ఊళ్ళో నా మొహం ఎక్కడ పెట్టుకోను" అని రాశారు. నాకు ఏడుపొచ్చింది. దాని గురించి ఇక రాయను.

"ఏమే, ఇట్రా" అని పిలిచింది. వెళ్ళాను.

"నన్ను నడిపించమని వాడికి రాశావా?"

"రాశాను అత్తమ్మా."

"నాకు చెప్పకుండా?"

"చెప్తే రాయనివ్వరని..."

"నోట్లో నాలుక లేదనుకున్నా, చేతిలో ఉందన్న మాట!" అని నవ్వబోయి, నడుము పట్టుకుంది. నేను లేచి పోబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"వాడు చెప్పాడని కూచున్నాననుకుంటన్నావా? వాడికి చెడ్డీ తొడుక్కోవటం నేర్పింది నేను. వాడు చెబితే నేను కూచునేదేంది?" అంది. ఆ రోజు గ్రౌండులో జరిగింది అప్పుడు చెప్పింది. రిలే పందెంలో పరిగెత్తుతూ కర్ర ఎలా అందుకోవాలో పిల్లలకి చూపిద్దామని పరిగెత్తి బురదలో పడిందట. పిల్లలు పకపకా నవ్వారట. కొత్త డ్రిల్లు టీచరు కృష్ణకుమారి వచ్చి లేవదీసి, "ఈ వయసులో మీకెందుకు మేడమ్ ఇవన్నీ, ఇంట్లో హాయిగా కూచోక" అందట. ఆ అమ్మాయికి ఆట నేర్పింది అత్తమ్మేనట.

"చెయ్యి అతుక్కుంది గానీ ఆ నవ్వు చెవుల్లోంచి పోలా. గ్రౌండంటే చానా భయమేసిందే. ఏం చెప్పి మానుకోవాలా అని చూస్తంటే వాడి ఉత్తరం వచ్చింది. బతికిపోయాననుకున్నా. కొడుకు కూచోమన్నాడు, కోడలు కదలనివ్వటంలా అని ఊరందరికీ చెప్పుకోవచ్చు. నువ్వు బిందె లాక్కుంటంటే పిచ్చిది, నాకోసం ఎంత చేస్తందో అని లోపల నవ్వుకున్నా. ఇయ్యాళ వాడు నిన్ను ఈ మాట అన్నాడంటే నా మూలంగానే."

ఏడాదిపాటు మన ముగ్గురం ఒకరికోసం ఒకరం అనుకుంటూ ఆమెని మంచానికి అంటగట్టాం. ఆమె భయాన్ని మనిద్దరం కనిపెట్టలేదు, ఆమె చెప్పలేదు.

మర్నాడు బడిపిల్లలు రాకముందే ఆమే లేచి బెల్టు బిగించుకుంది. గ్రౌండుకి వెళ్ళాం. గేటు దగ్గర నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోడ వెంట కాస్త దూరం పోయి తిరిగొచ్చాం. ఇప్పుడు రోజూ పోతున్నాం. నేను బుర్ర దించుకుని నడుస్తానని, "మెడ ఎత్తవే, నేలమీద ఏమన్నా పారేసుకున్నావా?" అని గదమాయిస్తుంది. చిన్న చెంబుతో నీళ్ళు ఆమే తెచ్చుకుంటుంది. గురవమ్మ పిన్ని చూసి మూతి తిప్పింది. తిప్పుకోనివ్వండి.

అయినా పోయిందంతా తిరిగి రాదట. పరుగు మాట మరిచిపొమ్మన్నారు డాక్టరుగారు. వంటింటి గుమ్మంలో అత్తమ్మ ఆ పొడుగుకి ఎప్పుడూ తల వంచుకుని లోపలికి వచ్చేది, మీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు వంచకుండానే వస్తుంది. చూసినప్పుడల్లా నేను పొయ్యి వైపు తిరిగిపోతాను.

మీరు సెలవు మీద వచ్చినప్పుడు, "నేను కూర్చోమనడం తప్పయిందమ్మా" అని ఆమెతో అనండి. ఆమె మిమ్మల్ని తిడుతుంది. ఎదురు చెప్పకుండా పడండి. కొడుకు మాట కోసం కూర్చున్నానని మీరు అనుకుంటేనే ఆమె మీ ముందు తలెత్తుకోగలదు. భయపడ్డానన్నది నాకొక్కదానికే చెప్పింది. మీకు తెలిసిందని తెలిస్తే నాతో గ్రౌండుకి ఇక రాదు. అందుకని చదవగానే ఈ ఉత్తరం కాల్చేయండి.

మీ
ఎస్తేరు