ఓబులమ్మ చెంబు దొరికింది

తమ్ముడూ, సంగటి ఉట్టి మీద ఉంది. గోంగూర పచ్చడి పక్కనే పెట్టినా. బర్రెకు కుడితి పెట్టు. మునసబు దగ్గరికి మాత్రం పోవద్దు. ఓబులమ్మ జీతగాడు పుల్లయ్య దొంగ కాడు.

ఆమె ఇత్తడి చెంబు దొరికింది. వాళ్ళ గడ్డివాములోనే ఉంది. పోయి ఇన్నాళ్ళయినా చింతపండుతో తోమినట్టు తళతళలాడుతోంది. ఎత్తుకపోయినవాడు శుక్రవారం శుక్రవారం తోమి మళ్ళీ దాస్తాడా? ఆ అలవాటు ఎవరిదో నీకూ తెలుసు.

చెంబు చేతికిచ్చి అడిగితే ఓబులమ్మ తల వంచుకుంది. "ఏం చేసేదక్కా? ఏదో ఒకటి పోతే తప్ప నా గడప ఎవరు తొక్కుతున్నారు? పుల్లయ్య మీదికి వస్తుందనుకోలేదు" అనింది. పోయిన నెల కవ్వం, అంతకుముందు రోకలి. మనిద్దరం పెద్ద తెలివిగలవాళ్ళ మాదిరి ఇల్లంతా వెతికి, ఆమె పోసిన మజ్జిగ తాగి వచ్చినాము. ఈ పూట ఆమెకు తోడు పండుకుంటా.

చదివి పలక తుడిచెయ్యి. ఈ సంగతి ఊళ్ళో పొక్కకూడదు.

ఒక మాట. మరదలు పోయినప్పటి నుంచి ఈ దొంగతనాల ఊసు తప్ప నువ్వు నాతో ఇంకేం మాట్లాడినావు? పెట్టింది తిని లేచిపోతావు. గోడకు వడ్డించినట్టుంటుంది నాకు.

అక్క

నీ పొడుం డబ్బీ కనపడదు. ఎవరినీ అనుమానించొద్దు. నా కొంగున కట్టుకుపోతున్నా. వచ్చి అడుగు.