దీవిలో రెండో కంచం

అమ్మా, అమోర్గోస్ దీవిలో క్షేమంగా, ఒక్కదాన్నే ఉన్నాను.

నాకు గది ఇచ్చిన కలియోపి అవ్వ నా వీపు మీద సంచీ చూసి, "మొగుడేడే పిల్లా?" అంది. లేడన్నాను. "సాయంత్రం పడవకి దిగుతాడులే" అంటూ రెండు కంచాల్లో పప్పూ చేపలూ వడ్డించింది. ఆమె ఎదుటే రెండూ ఖాళీ చేశాను. మర్నాడు ఒకటే కంచం పెట్టింది, పెద్దది.

నేను స్నేహితురాళ్ళతో వెళ్ళానని వీధంతా చెబుతున్నావట. ఆ మాట మానెయ్. నన్ను వెనక్కి తీసుకురమ్మని అన్నయ్యని పంపకు. బాల్కనీలో నా తులసికి నీళ్ళు పోస్తున్నావా? నాన్నమ్మ చేతికి నా ముద్దు.

నీ దెస్పినా

పక్కింటి మారిత్సా అత్తా, మెట్ల కింద పెట్టెలోంచి మా ఉత్తరాలు తీసి ముందు నువ్వే చదువుతావుగా. ఒక్కదాన్నే వచ్చాను. అందరికీ చెప్పు, తర్వాత ఈ పోస్టుకార్డు అమ్మకివ్వు.