గోడ మీద రెండు చప్పుళ్లు

అమ్మకు,

నేను బాగానే ఉన్నాను. నువ్వూ నాన్నా బాగుంటారని, నాన్న మోకాలు మాత్రం ఎప్పట్లాగే సణుగుతూ ఉంటుందని అనుకుంటున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో కాస్త ఇబ్బంది మాట వచ్చిందంటే చాలు, పొయ్యి మీద పాలున్నాయని పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. తింటున్నాను. జుట్టు కత్తిరించుకున్నాను, బాగానే ఉంది, దిగులుపడకు. నీ నవలని సినిమాగా రాస్తూ మేడ మీది మాస్టారిని ఏం చేశానని అడిగావు. తీసేశాను. ఆయన మాటల్లో మంచివన్నీ కిరాణా కొట్టాయన నోట పెట్టాను. తెర మీద ఇద్దరు ముసలాయనలు ఒకే తీరుగా సలహాలిస్తుంటే ఎవరెవరో తేల్చుకోవడం కష్టం. నాన్నకు చెప్పకు. ఆ మాస్టారు తనేనని ఇప్పటికీ మురిసిపోతుంటాడు.

అసలు తలనొప్పి చెల్లెలి పాత్రతో వచ్చింది. మా దర్శకుణ్ని అందరూ చాటుగా కత్తెర అంటారు. "పుస్తకంలో ఆవిడ పేజీలకు పేజీలు కిటికీ దగ్గర నిలబడి ఆలోచిస్తుంది. కెమెరాని ఆవిడ బుర్రలోకి ఎలా దూర్చనమ్మా?" అన్నాడు. వెనక నుంచి ఆవిడ గొంతు వినిపిద్దామంటే, "అలాగైతే రేడియోకే ఇచ్చేద్దాం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే మన వంటగది గోడ గుర్తొచ్చింది.

నీ నవలలో ఆ గోడ ఎక్కడో రెండు మూడు చోట్ల వస్తుంది. నాకు మాత్రం చిన్నతనమంతా ఆ గోడే. ఇవతల నువ్వు, అవతలి వాటాలో పెద్దమ్మ. గరిటె కాడతో రెండుసార్లు కొడితే టీ అయిందని. గట్టిగా ఒక్కటి కొడితే చేతిలో పని వదిలేసి రమ్మని. ఆ దెబ్బలకు సున్నం రాలి చిన్న గుంట పడింది. నేను అందులో వేలు పెట్టి తిప్పుతుంటే కసిరేదానివి. సాయంత్రం ఎండ సరిగ్గా ఆ గుంట దాకా పాకి వచ్చి ఆగేది. ఆ వెలుతురు చూడగానే నాకు టీ వాసన వచ్చేసేది, అప్పటికింకా నీళ్లు కూడా పెట్టి ఉండవు.

అందుకని చెల్లెలి ఆలోచనలన్నీ తీసేసి, చేతికి గరిటె ఇచ్చాను. అలిగినప్పుడు గోడ దాకా వెళ్తుంది, కొట్టబోయి ఆగిపోతుంది. అంతే. కత్తెర అందులో ఒక్క ముక్క కూడా కోయలేదు.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన ప్రశ్న: "ముగింపు నాదే కదా?"

కాదమ్మా. మార్చాను.

నీ ముగింపులో చెల్లెలు గోడ కొడుతుంది, అవతల నుంచి అక్క జవాబిస్తుంది. అది చదివినప్పుడల్లా నాకు అబద్ధమనిపించేది. నవల వారపత్రికలో సగంలో ఉండగానే పెద్దమ్మ అందులో తనని తాను చూసుకుని, "నా నోటిదురుసు వీధిన పెట్టావు కదే" అని వాటా ఖాళీ చేసి వెళ్లిపోయింది కదా. ఆఖరి భాగం అచ్చయిన రోజు నేను బల్ల కింద కూర్చుని బొమ్మలేసుకుంటున్నాను. నువ్వు నన్ను చూడలేదు. టీ కాచి, గరిటె తీసుకుని, గోడ మీద రెండుసార్లు కొట్టావు. అవతల కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు ఏమనుకున్నారో ఏమో, తిరిగి కొట్టారు. నువ్వు రెండో కప్పు కూడా పోశావు.

అదే నా ముగింపు. నిన్ను అడక్కుండానే రాసేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. చెల్లెలి పాత్ర వేసే అమ్మాయి గోడని తలుపు కొట్టినట్టు కొడుతోంది. కాస్త నేర్పమని పెద్దమ్మను పిలిచాను. రాదనుకున్నాను, వచ్చింది. సెట్లో చెక్క గోడను వేలితో తట్టి, "ఇదేం గోడే, ఇంత డొల్లగా! మీ అమ్మయితే ఒక్క పూటలో కూల్చేసేది" అంది. ఆ అమ్మాయికి మణికట్టు ఎలా తిప్పాలో చూపించింది. తర్వాత నన్ను పక్కకు లాగి, "ఇంతకీ చివరికి ఏమవుతుంది?" అంది.

"నువ్వు చదవలేదా పెద్దమ్మా?"

"ఇల్లు మారాక ముట్టుకోలేదు. ఇంకేం రాసిపెట్టిందోనని."

నువ్వు ఆ ముగింపు రాసింది ఒక్క మనిషి చదవాలని. ఆ ఒక్క మనిషే చదవలేదు.

రెండు ముగింపులూ చెప్పాను. నీది విని, "ముందు కొట్టింది చెల్లెలా? మీ అమ్మకి అంత వంగే నడుమెక్కడిదే!" అని నవ్వింది. నాది విని నవ్వలేదు. "ఆ రెండో కప్పు ఎవరు తాగారు?" అంది.

"నేనే. చల్లారిపోయింది. ఒకటే తీపి."

"అయితే నా కప్పే" అని, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చుంది.

చెక్క గోడ చప్పుడు పనికిరాదని మా సౌండాయన పేచీ. అసలు గోడే కావాలట. ఆదివారం సాయంత్రం మైకులతో మనింటికి వస్తున్నాం. అవతలి వాటావాళ్లు కూడా సరేనన్నారు. ఏ ముగింపు తీయాలో ఆ చప్పుడు విన్నాక నువ్వే చెప్పు. కత్తెర అప్పటిదాకా ఆగుతానన్నాడు.

పెద్దమ్మ ఒకే షరతు పెట్టింది. "నేను వస్తున్నట్టు దానికి చెప్పకు. ముందు అది కొట్టనీ." నాకు నోరాగదని మీ ఇద్దరికీ తెలుసు. ఆదివారం టీ కాచి గరిటె తీసుకో అమ్మా. అవతల నుంచి జవాబొస్తే, ఈసారి అద్దెకున్నవాళ్లు కారు.

ఇట్లు,
ఆ రెండో కప్పు తాగేసిన
నీ కూతురు