కొరియా సీరియళ్లలో ముసలాడు

వెంకటలక్ష్మీ,

అన్న సొంత చేత్తో రాస్తున్నాడు, వంకర అక్షరాలు కూడబలుక్కుని చదువుకో. నా మనవరాలు హరితకూ నీ మనవడు సురేంద్రకూ ముహూర్తం పెట్టమన్నావు. దానికే ఈ జవాబు.

ఇక్కడ హైదరాబాదు మదీనాగూడలో తెలంగాణ సమ్మె, బస్సుల్లేవు, రైళ్లూ లేవు. ఆఫీసు లేని రోజుల్లో హరిత కంప్యూటర్లో కొరియా ప్రేమ సీరియళ్లు పెట్టి, కింద పడే ఇంగ్లీషు ముక్కలు నాకు చదివి చెబుతుంది. నన్నడిగితే ఆ పిల్లలకు నోరు లేదు. ఇష్టమని చెప్పడానికి పదిహేను భాగాలు వానలో గొడుగు పట్టుకుని నిలబడతారు. ఇంట్లో ఒక మొండి ముసలాడుంటాడు. వాడు ఒప్పుకునేది ఆఖరి భాగంలో, ఆసుపత్రి మంచం మీద. చూసి చూసి విసుగొచ్చింది.

హరితను బండి మీద ఇంటికి దింపే బోరబండ పిల్లవాడు మల్లేశ్‌ను నిన్న నిలదీశాను.

"మమ్మల్ని పొమ్మంటూ మా పిల్ల ఎందుకు నీకు?"

"మా రాష్ట్రం మాకియ్యమన్నం గని, మిమ్ముల పొమ్మనలే తాతా. మీరు పోతె హరిత గూడ పోతది. నాకు గదే పరేషాన్."

వాడికి నోరుంది. హరిత తల దించుకోలేదు.

ఉయ్యాల్లో ఉన్నప్పుడే అది సురేంద్రకని మాటిచ్చింది నేను. వెనక్కి తీసుకుంటున్నదీ నేనే, పిల్లను అనవద్దు. మేనరికం వదులుకోమని అడిగేటప్పుడు ఆడపడుచుకు చీర పెట్టడం మన ఇళ్లలో ఆనవాయితీ. రైళ్లు నడవగానే తెస్తాను. కట్టుకుంటావో, మొహాన కొడతావో నీ ఇష్టం. తలుపు మాత్రం తియ్యి.

నీ అన్న