తెల్లరంగు కింద చెయ్యి

ప్రియమైన తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. పేపరాఫీసు మూసేస్తూ పాత ఫోటోలు పంచిపెడితే నీది నీకు దొరికిందని రాశావు. పెద్ద పోటీకి ముందు పేపర్లో వేయడానికి, బాక్సింగ్ గ్లవుజులు పైకెత్తి నిలబెట్టి తీసిన ఫోటో. నీ వెనక నేనున్నచోట తెల్లరంగు పూసుందనీ, తడిదూదితో తుడిస్తే పోతుందనీ చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. తుడవకురా. నీ మొహం కూడా చెరిగిపోతుందేమో. కంటికి ఆపరేషనై నెల కాలేదు, వంగితే కుట్లు ఊడతాయి. గ్యాసు కట్టేస్తున్నావా?

నీ అక్క

ప్రియమైన అక్కకు,

కుట్లు లేవు. గ్యాసు కట్టేశాను. కొంచెం తుడిచాను కూడా. నా భుజం మీద నీ చెయ్యి తేలింది, తువ్వాలుతో సహా. నలభై ఏళ్ళుగా మనం తిట్టుకుంటున్న, పేపరాఫీసులో ఆ రంగు పూసినాయన ఇంకా బతికే ఉన్నాడట. సోమవారం వెళ్ళి అడిగి వస్తాను.

నీ తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

ఇది సోమవారం లోపు చేరుతుందో లేదోనని పోస్టుడబ్బా దగ్గరికి రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాను. ఆయన్ని ఏమీ అనకు. నేనే వెళ్ళి పూయించాను.

అప్పటికి నేను కాపురానికొచ్చి మూడు నెలలు. నువ్వు సైకిలు షాపులో పని చేస్తావని మా అత్తగారికి చెప్పాను. ముక్కు వంకరపోయి, చొక్కా లేకుండా ఉన్నవాడి పక్కన కోడల్ని పేపర్లో చూస్తే ఏమంటుందోనని భయం. ఆయన కుంచె తడుపుతూ, "ఈ అబ్బాయి నీకేమవుతాడమ్మా?" అన్నాడు. ఏమీ కాడన్నాను. ఫోటోలో నువ్వు వేసుకున్న నిక్కరు నా చేత్తో కుట్టి, ఈ నోటితోనే అన్నాను. తర్వాత పేపరు వాళ్ళని తిట్టడం మొదలుపెట్టిందీ నేనే. నీకు నా మొహం చూపించలేను. చలిగా ఉంది, చెవులకి గుడ్డ కట్టుకో.

అక్క

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. నేను సోమవారమే వెళ్ళాను. నిలదీయడానికి కాదు, నా సంగతి నీకు చెప్పొద్దని బతిమాలడానికి. ఆయన నవ్వాడు. "ఆ రోజు నువ్వు అడగడానికి వచ్చేసరికే రంగు ఆరిపోయిందయ్యా. పొద్దున్నే ఆవిడ వచ్చి వెళ్ళింది" అన్నాడు.

అవునక్కా, నిన్ను చెరిపేయమని అడగడానికి ఆ రోజు నేనూ వెళ్ళాను. నీ జాకెట్టు చేతికి అతుకుంది. గెలవబోయేవాడి అక్క ఇలా ఉందేమిటంటారని సిగ్గుపడ్డాను. ఎవరీవిడ అని ఆయన అడిగితే, నీళ్ళు మోసే మనిషన్నాను. ఇన్నేళ్ళూ నువ్వు ఆయన్ని తిడుతుంటే వంత పాడాను. మొన్న ఆయనకి క్షమాపణ చెప్పుకున్నాను, ఇద్దరి తరఫునా.

నిన్న నీ మోచేతి దాకా తుడిచాను. అతుకు బయటపడింది. చారల గుడ్డ. నా నిక్కరు చారలే. అది కుట్టగా మిగిలిన ముక్క.

ఆపైన తుడవలేకపోయాను. నీ మొహం ఇంకా రంగు కిందే ఉంది. దూది తడిపి పెడతాను, నువ్వే రా.

తమ్ముడు